అమెరికా బేబీ సామాన్లు: సూట్‌కేసులో ఏది పెట్టించుకోవాలి, ఏది వద్దనాలి

అమెరికా నుంచి ఎవరైనా బయల్దేరుతున్నారని తెలిస్తే చాలు, వేరే దేశాల్లో పసిబిడ్డ ఉన్న ఇళ్ల నుంచి వాళ్లకు వెళ్లే జాబితా దాదాపు ఒకేలా ఉంటుంది. పాలపొడి, పాలసీసాలు, డైపర్ క్రీము, విటమిన్ డి చుక్కలు, కుదిరితే కారు సీటు కూడా. అక్కడివే ఎందుకని అడిగితే "అక్కడ రూల్స్ గట్టిగా ఉంటాయి" అంటారు. ఆ మాట చాలావరకు నిజమే. ఆ రూల్స్‌లో కొన్ని వస్తువులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి దాంతోపాటే వచ్చేస్తాయి. ఇంకొన్ని మాత్రం అక్కడి కార్లు, అక్కడి కరెంటు, అక్కడి కొలతలు ఉన్నాయన్న లెక్కతో రాసినవి. అవి సూట్‌కేసులో పట్టవు. ఏది తెప్పించుకోవచ్చో, ఏది తెప్పించుకుంటే తలనొప్పో ఈ తేడా దగ్గరే తేలిపోతుంది.

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. అట్టపెట్టె వెనక్కి తిప్పితే చాలా వస్తువుల మీద తయారైన చోటుగా కనిపించేది చైనా. అందులో అమెరికాదని చెప్పుకోదగ్గది పరీక్షే. సీసం ఉన్న రంగు పూసిన బొమ్మల్ని 2007లో లక్షల్లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చాక, ఆ మరుసటి ఏడు అక్కడ సీపీఎస్ఐఏ అనే చట్టం చేశారు. ఇప్పుడు పిల్లల వస్తువులో సీసం పది లక్షల పాళ్లలో 100 పాళ్లు దాటకూడదు, పైన పూసిన రంగులో అయితే 90. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లలో నిషేధించినవి 0.1 శాతం మించకూడదు. కంపెనీ తన మాటగా చెబితే చాలదు, సీపీఎస్‌సీ అనే ప్రభుత్వ వస్తు భద్రతా సంస్థ గుర్తించిన బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. వస్తువు మీదే చెరగకుండా ట్రాకింగ్ లేబుల్ ఉండాలి: ఎవరు చేశారు, ఎక్కడ, ఏ తేదీన, ఏ బ్యాచ్‌లో. ఒకే బ్రాండు ఒకే బొమ్మను రెండు దేశాలకు రెండు రకాలుగా చేయించినా అడ్డేమీ లేదు కాబట్టి, బ్రాండు పేరు కన్నా ఈ చిన్న లేబుల్‌కే విలువ ఎక్కువ.

సరిగ్గా అదే 2008లో చైనాలో పాలపొడిలో మెలమిన్ కలిపిన వ్యవహారం బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి తల్లిదండ్రులు బయటి డబ్బాల కోసం ఎంతగా ఎగబడ్డారంటే, ఊరి బిడ్డలకే పాలపొడి దొరకడం లేదని 2013 మార్చిలో హాంకాంగ్ ఒక నిబంధన పెట్టింది: సరిహద్దు దాటే మనిషి చేతిలో రెండు డబ్బాలు, అంటే 1.8 కిలోలకు మించి ఉండకూడదు. బయటి సరుకంటే భరోసా అన్న భావన కొత్త మోజేమీ కాదు. దాని వెనక ఇలాంటి భయాలున్నాయి.

పాలపొడి

అందరూ మొదట అడిగేది ఇదే. తెప్పించుకోవద్దని మేం గట్టిగా చెప్పేదీ దీన్నే.

డబ్బాలో లోపముందని కాదు. అమెరికాలో పాలపొడికి 1980 నుంచి విడిగా చట్టం ఉంది. 30 పోషకాలకు కనీస మోతాదు, వాటిలో పదింటికి గరిష్ఠ మోతాదు కూడా నిర్ణయించారు. అయితే "ఎఫ్‌డీఏ ఆమోదించిన పాలపొడి" అని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు. ఎఫ్‌డీఏ అనే అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ పాలపొడికి ఆమోదముద్ర వేయదు. కొత్త రకం మార్కెట్లోకి తెచ్చే 90 రోజుల ముందు కంపెనీ తెలియజేయాలి, రూల్స్ పాటించాలి, అంతే. పైగా ఏడాది దాటిన పిల్లలకంటూ పక్కనే అవే రంగుల డబ్బాలో పెట్టే టాడ్లర్ పాలపొడి ఈ చట్టం కిందికి రాదు. తొందరలో ఒకదానికి బదులు ఇంకొకటి తెచ్చేవాళ్లు ఎక్కువే. డబ్బా మీద 0 నుంచి 12 నెలలు అని ఉందో లేదో చూడాలి.

అసలు చిక్కు చెంచాతో. అమెరికా డబ్బాల్లో మామూలుగా వచ్చే చెంచాలో దాదాపు 8.7 గ్రాముల పొడి పడుతుంది. చెంచాకు 2 ఔన్సుల నీళ్లు, అంటే 60 మి.లీ. యూరప్ డబ్బాల్లోనూ, ఇంకా చాలా దేశాల డబ్బాల్లోనూ చెంచా చిన్నది, దాదాపు నాలుగున్నర గ్రాములు, దానికి 30 మి.లీ. నీళ్లు. ఇంట్లో అందరికీ "30కి ఒకటి" అలవాటై ఉన్నప్పుడు అమెరికా డబ్బా తెరిచారనుకోండి. 120 మి.లీ. నీళ్లలో రెండు చెంచాలు పడాల్సింది నాలుగు పడతాయి. పాలు రెట్టింపు చిక్కదనంతో తయారవుతాయి, బిడ్డకు సోడియం, ప్రొటీన్ రెట్టింపు వెళ్తాయి, వాటిని బయటికి పంపడానికి మూత్రపిండాలు ఒంట్లో నీటిని లాగేస్తాయి. అమెరికా డబ్బా అయిపోయి స్థానిక డబ్బాకు మారినప్పుడు పొరపాటు తిరగబడుతుంది: 60కి ఒకటే చెంచా పడి పాలు సగానికి సగం పలచన. రోజులు గడిస్తే బిడ్డ బరువు పెరగదు, రక్తంలో సోడియం పడిపోతే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. పాత డబ్బా చెంచా కొత్త డబ్బాలో వేసి వాడటం ఇంకో తప్పు. డబ్బా అయిపోగానే చెంచా కూడా పారేయడం మంచిది.

కలిపే వరస ఏ దేశపు డబ్బాకైనా ఒకటే. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత పొడి. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే నీళ్లు తగ్గి పాలు చిక్కబడతాయి. చెంచాను అదిమి నింపకూడదు, పైన గుట్టగా ఉన్నది గీసేయాలి. పొడి ఎంత మంచి కంపెనీదైనా అందులో సూక్ష్మజీవులు అసలే ఉండవని కాదు. క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా పొడిలోనూ బతుకుతుంది. అందుకే 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రెండు నెలల లోపు పసివాళ్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. తెరిచిన డబ్బా నెల దాటితే వాడకూడదు.

ఇక లెక్క చూడండి. రోజుకు 850 మి.లీ. తాగే బిడ్డకు పద్నాలుగు పదిహేను చెంచాలు పడతాయి, అంటే సుమారు 125 గ్రాములు. దాదాపు 350 గ్రాముల చిన్న డబ్బా మూడు రోజులైనా రాదు. నెలకు మూడున్నర, నాలుగు కిలోలు కావాలి. ఎంత తెప్పించినా మధ్యలో అయిపోతుంది, అప్పుడు పాలు మార్చక తప్పదు. మార్చినప్పుడల్లా చెంచా లెక్క మళ్లీ మారుతుంది.

ఇనుము ఎక్కువని అమెరికా డబ్బా కోరేవాళ్లున్నారు. అది నిజమే: అక్కడి డబ్బాల్లో మామూలుగా 100 కిలో కేలరీలకు 1.8 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, ఆవుపాలతో చేసే యూరప్ పొడికి పరిమితే 0.3 నుంచి 1.3. అదే యూరప్‌లో డీహెచ్ఏ అనే కొవ్వు 2020 నుంచి తప్పనిసరి, అమెరికాలో కంపెనీ ఇష్టం. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు కొందరు జర్మనీ డబ్బాల కోసం ఎక్కువ డబ్బు పోస్తుంటారు. 2022లో మిషిగన్‌లోని ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడి పాలపొడికి కటకట వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వమే విమానాల్లో యూరప్ నుంచి తెప్పించింది.

చుక్కల మందు, జ్వరం మందు

పాలపొడి చెంచా కన్నా ప్రమాదకరమైనవి ఇవి. పరిమాణం చిన్నది, తేడా పెద్దది.

అమెరికాలో అసిటామినోఫెన్ అనేది మిగతా ప్రపంచంలో చాలాచోట్ల పారాసిటమాల్. పేర్లు రెండు, మందు ఒక్కటే. ఈ సంగతి తెలియక జ్వరం తగ్గలేదని రెండు సీసాల్లోంచీ పట్టేవాళ్లున్నారు, అది రెండు మోతాదులతో సమానం. 2011 నుంచి అమెరికాలో పసిపిల్లల సీసా గాఢత 5 మి.లీ.కు 160 మిల్లీగ్రాములు, అంటే మి.లీ.కు 32. వేరే దేశాల్లో మి.లీ.కు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందూ దొరుకుతుంది. అమెరికా సీసాకు డాక్టరు రాసిన రెండున్నర మి.లీ. 80 మిల్లీగ్రాములు. అదే రెండున్నర మి.లీ. ఆ చుక్కల సీసాలోంచి తీస్తే 250. ఐబూప్రొఫెన్‌లో మెలిక ఇంకోలా ఉంటుంది: అమెరికాలోనే పసివాళ్ల సీసా 1.25 మి.లీ.కు 50 మిల్లీగ్రాములు, కాస్త పెద్ద పిల్లల సీసా 5 మి.లీ.కు 100. పసివాళ్లది రెట్టింపు గాఢం. చిన్నపిల్లలదంటే పలచగా ఉంటుందనుకుంటాం, కానీ తక్కువ ద్రవంలో మోతాదు సరిపోవాలని అలా చేస్తారు. ఈ మందులు ఎక్కడ ఉంటే అక్కడే కొనాలి, డాక్టరు అక్కడి గాఢతను బట్టే రాస్తారు. ఇంట్లో రెండు దేశాల సీసాలు పక్కపక్కన పెట్టుకోవడమే అసలు తప్పు.

విటమిన్ డి సంగతీ అంతే. తల్లిపాలు తాగే బిడ్డకు రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఆ 400 యూనిట్లు కొన్ని సీసాల్లో ఒక మి.లీ.లో ఉంటాయి, కొన్నింటిలో ఒక్క చుక్కలోనే ఉంటాయి. ఒక్క చుక్క రకం కొని, పాత సీసాతో వచ్చిన డ్రాపరు నిండా తీసి పట్టారంటే ముప్పై రెట్ల దాకా వెళ్తుంది. డ్రాపర్ల విషయంలో ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. చుక్క రకమైతే సీసాను తలకిందులు చేసి, పడిన మొదటి చుక్కను చనుమొన మీదో, శుభ్రమైన వేలి మీదో వేసి చప్పరించనివ్వాలి. నోట్లోకి నేరుగా వంచితే రెండోది, మూడోది ఎప్పుడు పడిందో తెలియదు. ఈ జాగ్రత్త పాటించేవాళ్లకు మాత్రం ఇది బరువు లేని, మంచి వస్తువు.

గ్రైప్ వాటర్ కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. అక్కడ అది సప్లిమెంట్ లెక్కలోకి వస్తుంది, అమ్మే ముందు పనిచేస్తుందని రుజువు చూపాల్సిన పని లేదు. సీసా వెనక పట్టికలో "డ్రగ్ ఫ్యాక్ట్స్" అని ఉంటే మందు, "సప్లిమెంట్ ఫ్యాక్ట్స్" అని ఉంటే సప్లిమెంట్. ఈ రెండు మాటల తేడా తెలిస్తే సగం జాబితా దానంతటదే తగ్గుతుంది. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లకు రాసే జెల్ అడిగితే అందులో బెంజోకైన్ ఉందేమో చూడండి. అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీయగలదు, రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2018లో ఎఫ్‌డీఏ చెప్పింది.

క్రీములు, సబ్బులు

తెప్పించుకోవాల్సిన వస్తువు ఏదైనా ఒక్కటి చెప్పమంటే డైపర్ క్రీము. అమెరికాలో ఇది మందు కింద లెక్క కాబట్టి అందులో పనిచేసే పదార్థం ఎంత శాతముందో ట్యూబు మీద రాసి తీరాలి. డెసిటిన్ మ్యాగ్జిమమ్ స్ట్రెంత్‌లో జింక్ ఆక్సైడ్ 40 శాతం, రోజువారీ వాడే దాంట్లో 13 శాతం. ఆక్వాఫర్ మలాంలో పెట్రోలేటం 41 శాతం. చర్మం ఎర్రబడనప్పుడు తక్కువ శాతంది చాలు. ఎర్రబడి చెమ్మగా ఉంటే 40 శాతం.

వాడకంలో ఎక్కువమంది చేసే పొరపాటు తుడవడం. 40 శాతం క్రీము పేస్టులా మందంగా, జిగటగా ఉంటుంది. డైపరు మార్చిన ప్రతిసారీ దాన్ని పూర్తిగా వదిలించాలని రుద్దితే పుండైన చర్మం ఇంకా చెడుతుంది. మురికైన పైపొర మాత్రం తీసి, తడి లేకుండా అద్ది, దానిమీదే మళ్లీ మందంగా పూయాలి. మూడు రోజుల్లో తగ్గకపోతే, ఎర్రటి మచ్చ చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి జింక్ పనిచేయదు, వేరే మందు కావాలి. గుడ్డ డైపర్లు వాడేవాళ్లు లోపల పలచటి గుడ్డ ఒకటి పరుచుకోవాలి, లేకపోతే క్రీము అంటి గుడ్డ తడి పీల్చుకోవడం తగ్గిపోతుంది.

స్నానం సబ్బు, లోషన్ విషయంలో మాత్రం అమెరికా పేరు చూసి మోసపోవద్దు. ఇవి కాస్మెటిక్స్, అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. "హైపోఅలర్జెనిక్" అనే మాటకు అక్కడి చట్టంలో నిర్వచనం కూడా లేదు. కాస్మెటిక్స్‌లో యూరప్ నిషేధించిన పదార్థాలు వెయ్యికి పైనే, అమెరికా ఫెడరల్ నిబంధనలు పేరుపెట్టి ఆపినవి పదీ పదకొండుకు మించవు. సువాసన లేనిది ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కోవచ్చు. పౌడరు అడగనే వద్దు: అమెరికా, కెనడాల్లో జాన్సన్స్ తన టాల్క్ పౌడరు అమ్మకం 2020లోనే ఆపింది, మొక్కజొన్న పిండితో చేసిందే ఉంది. టాల్క్ అయినా పిండి అయినా పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

సీసాలు

కడుపులో గాలి పోకుండా చేస్తుందని పేరున్న డాక్టర్ బ్రౌన్స్ సీసాలు చాలామంది జాబితాలో ఉంటాయి. సీసా మంచిదే. తిట్టేవాళ్లలో ఎక్కువమంది కారుతుందని తిడతారు, దానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. ఇందులో ఐదు భాగాలుంటాయి: సీసా, పీక, పీకను పట్టే రింగు, రింగులో కూర్చునే వెంట్ ముక్క, దాని కింద వేలాడే గొట్టం. బిడ్డ పాలు లాగుతుంటే బయటి గాలి రింగు పక్కనుంచి ఆ గొట్టంలోకి దిగి, పాలను తాకకుండా సీసా అడుగు వైపు చేరుతుంది. అందుకే పీక లోపలికి నొక్కుకుపోదు, బిడ్డ గాలి మింగదు. గొట్టం ఉంచి వేడి చేస్తే లోపల ఒత్తిడి పెరిగి పాలు గొట్టంలోంచి పైకి తన్నుతాయి. గరిష్ఠ గీత దాటి పోస్తే గొట్టం పాలల్లో మునిగి గాలి దారి మూసుకుపోతుంది. గొట్టంతోనే గిలకొడితే అంతే. రింగును మరీ బిగిస్తే వెంట్ ముక్క ఒక పక్కకు ఒరిగి కారుతుంది. పాలు విడిగా ఒక గిన్నెలో కలిపి, వెచ్చబెట్టి, సీసాలో పోసి, ఆఖర్న గొట్టం పెట్టి, రింగు ఆగేంతవరకే తిప్పాలి.

రోజుకు ఎనిమిది సార్లు పడితే కడగాల్సిన ముక్కలు నలభై. గొట్టంలోకి దూరే సన్నటి బ్రష్ సీసాతో పాటే వస్తుంది, అది పోతే సీసా పోయినట్టే, కాబట్టి రెండు మూడు అదనంగా తెప్పించుకోవాలి. పీకలకు నంబర్లుంటాయి: 1 పుట్టినప్పటి నుంచి, 2 మూడు నెలలకు, 3 ఆరు నెలలకు అని కంపెనీ చెబుతుంది. నెలల కన్నా బిడ్డ తాగే తీరు చూడాలి. పాలు మూతి పక్కనుంచి కారుతూ, గుటకలు తడబడుతుంటే నంబరు ఎక్కువైనట్టు. అరగంటైనా తాగలేక విసిగి ఏడిస్తే తక్కువైనట్టు. సన్న మూతి సీసాకు వెడల్పు మూతి పీక పట్టదు, కొనేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. ప్లాస్టిక్‌లో వాడే బీపీఏ అనే రసాయనం లేదని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అది ఇప్పుడు గొప్పేమీ కాదు. పాలసీసాల్లో దాన్ని అమెరికా 2012లో ఆపేసింది, యూరప్ 2011లోనే.

పడుకునే బట్టలు

తొమ్మిది నెలలు దాటిన పిల్లల నైట్ డ్రెస్‌లకు అమెరికాలో నిప్పు రూల్ ఉంది. బట్ట మంట పట్టనిదైనా ఉండాలి, లేదా ఒంటికి అతుక్కునేలా బిగుతుగా కుట్టాలి. మామూలు కాటన్‌కు రెండో దారే మిగులుతుంది. మెడ దగ్గర వేలాడే పసుపు ట్యాగు చెప్పేది అదే: బిగుతుగా ఉండాలి, ఈ బట్ట మంటను తట్టుకోదు. ఈ సంగతి తెలియక "అమెరికా సైజులు చిన్నవి" అని ఒక సైజు పెద్దది తెప్పించి వదులుగా తొడుగుతారు. అప్పుడు ఏ రక్షణ కోసం అలా కుట్టారో అదే పోతుంది. అదే కంపెనీ పగటి బట్టలు వదులుగానే ఉంటాయి.

దుప్పటికి బదులు తొడిగే స్లీప్ శాక్ బాగా పనికొచ్చే వస్తువు, బరువూ తక్కువే. టాగ్ అనే అంకె దాని వెచ్చదనం: 0.5 పలచన, 2.5 చలికాలానిది. లోపల బరువు నింపిన రకాన్ని మాత్రం ఎవరెంత పొగిడినా తెప్పించొద్దు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో దాన్ని వద్దంది. వాలుగా పడుకోబెట్టే స్లీపర్లు, ఊచలకు కట్టే మెత్తటి బంపర్లు అమెరికాలోనే 2022 చట్టంతో నిషేధం. ఫిషర్-ప్రైస్ వాలు స్లీపర్లు ఒక్కటే 2019లో 47 లక్షల దాకా వెనక్కి పిలిచారు. ఎవరో వాడి అటక మీద పెట్టినవి "మాకక్కర్లేదు, తీసుకెళ్లండి" అని ఉచితంగా దొరికేది ఇలాంటివే.

అమెరికా తొట్టి లోపలి కొలత దాదాపు 71 సెంటీమీటర్లకు 133. యూరప్ పరుపు 60కి 120, లేదా 70కి 140. అమెరికా పరుపుదుప్పటి 60 పరుపు మీద ముడతలు పడి బిడ్డ ముఖం మీదికి లేస్తుంది. పరుపుకూ తొట్టికీ మధ్య రెండు వేళ్లు దూరితే ఆ జత పనికిరాదు.

కారు సీటు

ఖర్చూ బరువూ పెట్టి తెప్పించే వాటిలో అన్నిటికన్నా నిరాశపరిచేది ఇదే. అమెరికా సీటు అక్కడి 213వ ఫెడరల్ ప్రమాణం ప్రకారం చేసింది. యూరప్‌లో ఆర్129, ఆస్ట్రేలియాలో ఏఎస్/ఎన్‌జెడ్ఎస్ 1754. ఆయా దేశాల గుర్తు లేని సీటు అక్కడ వాడటం చట్టవిరుద్ధం. ఛాతీ మీద పెట్టే క్లిప్పు ఒక్కటి చూస్తే చాలు, అమెరికా సీటని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

చట్టం పక్కన పెట్టినా బెల్టు సమస్య ఉంటుంది. అమెరికా కార్లలో భుజం బెల్టును పూర్తిగా బయటికి లాగి వదిలితే టకటకమంటూ లోపలికి వెళ్తూ ఎక్కడికక్కడ లాక్ అవుతుంది. అక్కడి సీట్లలో చాలావాటిని బెల్టు అలా బిగుసుకుంటుందన్న లెక్కతోనే బిగించాలి. ఇతర దేశాల కార్లలో ఎక్కువ వాటికి ఆ లాక్ ఉండదు, గట్టి బ్రేకు పడినప్పుడే బెల్టు పట్టుకుంటుంది. సీటు పెట్టినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, రెండు మలుపులు తిరిగేసరికి వదులవుతుంది. దీనికి బెల్టు నాలుక పక్కన, 2.5 సెంటీమీటర్ల లోపు, ఇంగ్లిష్ అక్షరం హెచ్ ఆకారంలో ఉండే ఇనుప లాకింగ్ క్లిప్పు పెట్టాలి. సీటు మాన్యువల్ అందుకు ఒప్పుకుంటేనే సుమా. బెల్టు దారి దగ్గర పట్టుకుని ఊపితే 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. సీటు కొక్కేలను కారులోని కడ్డీలకు తగిలించే పద్ధతిలో అయితే ఆ కడ్డీలు అన్ని దేశాల్లోనూ ఒకే దూరంలో, 28 సెంటీమీటర్లలో ఉంటాయి కాబట్టి తగులుకుంటుంది. కానీ అమెరికా లెక్కలో బిడ్డ, సీటు కలిపి 65 పౌండ్లు, అంటే సుమారు 29 కిలోలు దాటితే కొక్కేలు వదిలి బెల్టుకు మారాలి.

ఒక్క సందర్భంలో మాత్రం అమెరికా సీటుకు సాటి లేదు: అమెరికా విమానంలో. దాని పక్కన ఎర్ర అక్షరాలతో కారుకూ విమానానికీ పనికొస్తుందని రాసి ఉంటుంది, అది చూపిస్తే సిబ్బంది మారు మాట్లాడరు. వెళ్లి వచ్చేవాళ్లకు ఆ ఉపయోగముంది. సీటును లగేజీలో వేసి పంపితే లోపలి ఫోమ్ పగిలినా బయటికి కనపడదు, గుడ్డ విప్పి చూడాలి.

కరెంటు వస్తువులు

అడాప్టరు మీద సన్నటి అక్షరాలు చదవండి. "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ప్లగ్గు మార్చే ముక్క చాలు. పాలు తీసే పంపుల్లో చాలావాటికి ఇలాగే ఉంటుంది. 120 మాత్రమే రాసి ఉన్న సీసా వార్మరు, వైప్స్ వార్మరు, స్టెరిలైజరు తీసుకెళ్లి 230 వోల్టుల్లో పెడితే వేడి చేసే తీగ మూడున్నర రెట్లకు పైగా పవరు తాగి మాడుతుంది. ప్లగ్గు ముక్క వోల్టేజీని తగ్గించదు. తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొంటే అది వార్మరు కన్నా బరువు.

పంపు తెప్పించేవాళ్లు వాల్వులు, పొరలు, సరైన సైజు గరాటు ముక్కలు కూడా అప్పుడే తెప్పించుకోవాలి. 21, 24, 27 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. పాలు తగ్గాయని భయపడే సందర్భాల్లో చాలాసార్లు కారణం సాగిపోయిన వాల్వే.

బేబీ మానిటర్లలో డెక్ట్ 6.0 (ఒక వైర్లెస్ పద్ధతి) అని రాసి ఉన్నది వద్దు. అది 1920-1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, చాలా దేశాల్లో అది మొబైల్ ఫోన్లకిచ్చిన చోటు. యూరప్ డెక్ట్ 1880-1900లో ఉంటుంది. పేరు ఒకటే అని కొంటే చట్టం తప్పినట్టవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకం ఎక్కడైనా నడుస్తుంది.

డైపర్ల గురించి ఒక్క మాట: వద్దు. సూట్‌కేసులో గాలి మోసుకొచ్చినట్టే.

తిండి డబ్బాల్లో ఇనుము కలిపిన ఓట్స్ సీరియల్ తేలిక, పనికొస్తుంది. బియ్యం సీరియల్ కన్నా అదే మేలు, బియ్యంలో ఆర్సెనిక్ ఎక్కువ చేరుతుంది, అందుకే ఎఫ్‌డీఏ 2020లో దానికి వంద కోట్ల పాళ్లలో 100 పాళ్ల హద్దు పెట్టింది. సీసానికి హద్దులు పెట్టింది మాత్రం 2025 జనవరిలోనే: ఎక్కువ రకాలకు 10 పాళ్లు, పొడి సీరియల్స్‌కు 20. కాలిఫోర్నియా చట్టం వల్ల ఇప్పుడు కొన్ని డబ్బాల మీద కోడ్ స్కాన్ చేసి ఆ బ్యాచ్ పరీక్ష ఫలితం చూసుకోవచ్చు, కొనేటప్పుడే చూడమనండి. 2023లో దాల్చినచెక్క కలిపిన యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది కూడా అమెరికా షాపుల్లోనే.

ఆఖరుగా రీకాల్. తొట్టి, కారు సీటు, స్ట్రోలర్ లాంటి వాటితో పోస్టేజీ కట్టిన రిజిస్ట్రేషన్ కార్డు ఒకటి వస్తుంది. అట్టపెట్టెతో పాటు చెత్తబుట్టలోకి పోయేది ముందు అదే. లోపం బయటపడితే కంపెనీ కబురు పంపేది ఆ కార్డులోని చిరునామాకే, లేదా ఈమెయిల్‌కు. ఆన్‌లైన్ ఫారం అమెరికా చిరునామా అడిగితే తెచ్చినవాళ్ల చిరునామా, మీ ఈమెయిల్ ఇవ్వండి. మరమ్మతు ముక్క కూడా అక్కడికే పంపుతారు, మళ్లీ ఎవరో ఒకరు మోసుకురావాలి. వాడినది తీసుకుంటే ముందు మోడల్ నంబరు, తయారీ తేదీ అడిగి సీపీఎస్‌సీ సైట్లో, కారు సీటైతే రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో వెతకాలి. లేబుల్ చింపేసిన సీటును ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. కొత్తదైతే పెట్టె పారేసే ముందు ట్రాకింగ్ లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసుకోండి. బ్యాచ్ నంబరు పెట్టె మీదా వస్తువు మీదా ఒకటిగా లేకపోతే, అమ్మినవాళ్లు ఎవరైనా, అది వెనక్కి ఇచ్చేయాల్సిన సరుకే.